బ్లాక్ క్వీర్ సినిమాల ప్రదర్శనలు పెట్టాలనుకుంటే ముందు ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఫిలడెల్ఫియాలో ఎం.ఎస్. చదువుతున్నారు. మీ పేటలోని లైబ్రరీ హాల్లో నెలకో బ్లాక్ క్వీర్ సినిమా, అంటే నల్లజాతి గే, లెస్బియన్, ట్రాన్స్ మనుషుల సినిమా వేసి, అయ్యాక అందరూ కూర్చుని మాట్లాడుకునేలా ఒక కార్యక్రమం పెట్టాలనుకుంటున్నారు. ఏ సినిమాలతో మొదలుపెట్టాలి, అనుమతులు ఎలా తెచ్చుకోవాలి, అసలు తెలుగువాళ్లయిన మీరు ఈ పని తలకెత్తుకోవచ్చా అని అడిగారు.

చేయొచ్చు. కాకపోతే సినిమాల జాబితా రాసుకోవడంతో మొదలుపెట్టకండి. ముందు మీ ఊళ్లోని నల్లజాతి క్వీర్ మనుషుల్ని ఇద్దరు ముగ్గురిని కలవండి. సినిమాల ఎంపిక వాళ్ల చేతిలో పెట్టండి. ఆ పనికి వాళ్లకు డబ్బివ్వండి. తర్వాత లైసెన్స్ సంగతి చూడండి. అది కూడా అయ్యాక నాలుగంటే నాలుగు ప్రదర్శనలు ప్రకటించండి. ఏడాదికి పన్నెండు అని పోస్టర్ వేసి, నాలుగో నెలలో పరీక్షలొచ్చి ఆపేసినవాళ్లను నేను చాలామందిని చూశాను.

నేను ఓక్లాండ్‌లో ఉంటాను. తొమ్మిదేళ్లుగా ఇక్కడ ఒక చిన్న ప్రదర్శనల బృందంతో పనిచేస్తున్నాను. బృందాన్ని నడిపేది ఇద్దరు నల్లజాతి మహిళలు. ప్రొజెక్టరు, కుర్చీలు, లైసెన్స్ మెయిళ్లు, లెక్కలు నా వంతు. నేను చెప్పేవన్నీ ఆ అనుభవంలోంచి వచ్చినవే.

మొదటి ఏడాది ఇలా ఉండేది కాదు. అప్పుడు మేం ముగ్గురం స్నేహితులం, ముగ్గురం భారతీయులమే. అవార్డులొచ్చినవి, పత్రికలు మెచ్చుకున్నవి వెతికి ఐదు సినిమాలు నేనే ఎంచాను. ప్రతిదాంట్లోనూ ఎవరో ఒకరు చచ్చిపోతారు, లేదా ఇంట్లోవాళ్లు బయటికి గెంటేస్తారు. అది నాకు తట్టనే లేదు. మూడో ప్రదర్శన అయ్యాక పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఒకామె బ్యాగు భుజానికి తగిలించుకుని లేచి, "మాలాంటివాళ్లు చివరిదాకా బతికుండే సినిమా ఒక్కటైనా ఉందా మీ లిస్టులో?" అని అడిగింది. లిస్టు నా జేబులోనే ఉంది. తీసి చూడాల్సిన పని లేకపోయింది. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. మిగిలిన రెండు ప్రదర్శనలు ఆపేసి, ఇప్పుడు బృందాన్ని నడుపుతున్న ఇద్దరిలో పెద్దావిడ దగ్గరికి వెళ్లి కూర్చున్నాను.

ఈ పొరపాటు మా ఒక్కరిదే కాదు. న్యూయార్క్ బాల్‌రూం లోకం మీద, అంటే క్వీర్ మనుషులు వేషంలో, నాట్యంలో పోటీపడే వేడుకల మీద, జెన్నీ లివింగ్‌స్టన్ తీసిన 'పారిస్ ఈజ్ బర్నింగ్' (1990) చాలామంది మొదట తలచుకునే సినిమా. అందులో కనిపించేది నల్లజాతి, లాటినో క్వీర్, ట్రాన్స్ మనుషులు. తీసినావిడ తెల్లజాతి దర్శకురాలు. సినిమాకు పేరు, డబ్బు వచ్చాక అందులో ఉన్నవాళ్లకు ఎంత దక్కిందనే గొడవ అప్పుడే మొదలైంది. రచయిత్రి బెల్ హుక్స్ ఆ చూపును గట్టిగా విమర్శించారు. 2015లో బ్రూక్లిన్‌లో ఆ సినిమాను ఆరుబయట వేస్తామని ప్రకటించినప్పుడు, వేదిక మీదికి పిలిచినవాళ్లలో బాల్‌రూం సమాజం మనుషులు లేరని పెద్ద నిరసన వచ్చింది. నిర్వాహకులు క్షమాపణ చెప్పి కార్యక్రమం మార్చుకోవాల్సి వచ్చింది. సినిమా తీసి పాతికేళ్లు దాటినా ఆ ప్రశ్న పాతబడలేదు. మీరు ఆ సినిమా వేస్తే ఈ కథంతా చెప్పి వేయండి. మొదటి సినిమాగా మాత్రం వద్దు.

ఇప్పుడు సినిమాల దగ్గరికి వస్తాను. ఎంపిక మీ చేతిలో ఉండకూడదని ఇప్పుడే చెప్పాను కాబట్టి, ఇవి మీరు వెళ్లి అడగడానికి పనికొచ్చే పేర్లు అనుకోండి. వాళ్లు అన్నీ కొట్టేసి వేరేవి చెబితే ఇంకా మంచిది.

మీరున్నది ఫిలడెల్ఫియా కాబట్టి షెరిల్ డున్యే తీసిన 'ది వాటర్‌మెలన్ ఉమన్' (1996) మీ ఊరి సినిమా. బాహాటంగా లెస్బియన్‌నని చెప్పుకున్న నల్లజాతి మహిళ దర్శకత్వం వహించిన మొదటి ఫీచర్ సినిమాగా దానికి పేరుంది. వీడియో షాపులో పనిచేసే షెరిల్ అనే అమ్మాయి, 1930ల నాటి సినిమాల్లో పనిమనిషి వేషాలు వేసిన ఒక నల్లజాతి నటి ఎవరో తెలుసుకోవాలని తిరుగుతుంది. ఆ నటికి టైటిల్స్‌లో సొంత పేరు కూడా ఉండదు, 'వాటర్‌మెలన్ ఉమన్' అని వేస్తారంతే. షెరిల్ పాత్ర వేసింది దర్శకురాలే. బెర్లిన్ ఉత్సవంలో క్వీర్ సినిమాలకిచ్చే టెడ్డీ అవార్డు వచ్చింది. 2021లో అమెరికా జాతీయ సినిమా రిజిస్ట్రీలో, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలో చేర్చారు. నవ్విస్తుంది, ప్రేమకథ ఉంది, ఎవరూ చావరు. చివర్లో తెర మీద ఒక మాట పడుతుంది. దాన్ని పోస్టర్‌లో గానీ పరిచయంలో గానీ బయటపెట్టకండి. మా హాల్లో ఆ మాట పడ్డాక ఒక నిమిషం ఎవరూ కదల్లేదు. తర్వాత వెనక వరసలోంచి ఒకావిడ, "మా అత్త పాత ఫోటోలు ఇంకా అట్టపెట్టెలోనే ఉన్నాయి, రేపే తీస్తాను" అంది. మరుసటి నెల నిజంగానే పట్టుకొచ్చి చూపించింది.

మొదటి ప్రదర్శనకు నేను ఎప్పుడూ సూచించేది పొట్టి సినిమాలు. మిషెల్ పార్కర్‌సన్ తీసిన 'స్టోర్మే: ది లేడీ ఆఫ్ ద జ్యువెల్ బాక్స్' (1987) ఇరవై నిమిషాల చిల్లర. స్టోర్మే డెలార్వెరీ 1950ల్లో, 60ల్లో జ్యువెల్ బాక్స్ రెవ్యూ అనే బృందంతో ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చింది. ఆడవేషాలేసిన మగవాళ్ల మధ్య మగవేషంలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి ఆవిడ. దాని తర్వాత ఇవాన్ వెల్బన్ తీసిన 'లివింగ్ విత్ ప్రైడ్: రూత్ ఎలిస్ @ 100' (1999) వేయండి. రూత్ ఎలిస్ 1899లో పుట్టి 2000లో పోయింది. డెట్రాయిట్‌లో ఆవిడా, ఆవిడ సహచరీ తమ ఇంటినే నల్లజాతి గే, లెస్బియన్ మనుషులకు కలుసుకునే చోటుగా మార్చారు. బార్లలో తమను రానివ్వని రోజుల్లో ఆ ఇంట్లో పియానో, డాన్సు, కబుర్లు ఉండేవి. చేతిలో డబ్బు లేని పిల్లలకు తిండికి, చదువుకు సాయం చేసేవాళ్లు.

మా బృందంలోని తెలుగు మిత్రుడి అమ్మగారు విజయవాడ నుంచి వచ్చి ఉన్నప్పుడు ఈ సినిమా చూశారు. ఇంగ్లీషు సగమే అర్థమైందట. బయటికొచ్చి, "ఆవిడ ఇంటికొచ్చిన పిల్లలందరికీ అన్నం పెట్టేదా?" అని అడిగారు. పెట్టేదండీ అన్నాను. "అయితే ఇంకేం కావాలి" అని కారెక్కారు. ఇంటికెళ్లాక తల్లీకొడుకులు రాత్రి ఒంటిగంట దాకా మాట్లాడుకున్నారని తర్వాత తెలిసింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

మార్లన్ రిగ్స్ తీసిన 'టంగ్స్ అన్‌టైడ్' (1989) లేకుండా ఈ సిరీస్ ఉండదు. అయితే దాన్ని మూడో ప్రదర్శనగానో, నాలుగోదిగానో పెట్టండి. యాభై అయిదు నిమిషాల సినిమా. కవిత్వం, నాట్యం, సొంత జ్ఞాపకాలు, వీధిలో విన్న తిట్లు, అన్నీ కలగలిపి నల్లజాతి గే మగవాళ్లు తమ గొంతుతో తాము మాట్లాడతారు. ఎసెక్స్ హెంప్‌హిల్ కవితలు అందులో వినాల్సిందే. 1991లో అమెరికా పబ్లిక్ టీవీ నెట్‌వర్క్ పీబీఎస్‌లో ప్రసారానికి పెట్టినప్పుడు చాలా స్టేషన్లు వేయడానికి ఒప్పుకోలేదు. 1992 అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో రిపబ్లికన్ నాయకుడు పాట్ బుకానన్ శిబిరం ఆ సినిమాలోంచి ఒక ముక్క తీసి, ఇలాంటివాటికి ప్రభుత్వం డబ్బిస్తోందంటూ ప్రకటనగా వాడుకుంది. రిగ్స్ బర్క్‌లీలో పాఠాలు చెప్పేవారు. 1994లో ఎయిడ్స్‌తో పోయారు, అప్పటికి ముప్పై ఏడేళ్లు. మరుసటి ఏడాది హెంప్‌హిల్ కూడా పోయారు.

ఆ సినిమాలో ఒకచోట, ఎయిడ్స్‌తో పోయినవాళ్ల మీద పత్రికల్లో వచ్చిన సంతాప ప్రకటనల్లోని ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. మొదటిసారి మేం వేసినప్పుడు గోడవైపు కుర్చీలో డెబ్బై ఏళ్ల పెద్దాయన ఒకాయన కూర్చున్నారు. ఒక ఫోటో రాగానే చాలా మెల్లగా ఒక పేరు పలికారు. ఇంకో రెండు ఫోటోలయ్యాక ఇంకో పేరు. పక్కనున్న కుర్రాడు ఆయన చేతి మీద చెయ్యి వేశాడు. దీపాలు వెలిగాక కూడా ఆ చెయ్యి తియ్యలేదు. అంతకుముందు రెండు ప్రదర్శనల్లో ఆ ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు కూర్చుని పరిచయమయ్యారు కాబట్టి అది జరిగింది. ముక్కూమొహం తెలియని జనం మధ్య ఆ సినిమా వేయొద్దని అనేది ఇందుకే.

కుర్రకారుకు 'పరాయా' (Pariah, 2011) బాగా దగ్గరవుతుంది. డీ రీస్ సినిమా, గంటన్నర కూడా ఉండదు. బ్రూక్లిన్ అమ్మాయి అలీకే రాత్రి ఇంటికెళ్లే బస్సులోనే టోపీ, వదులు చొక్కా తీసేసి, అమ్మ ఒప్పుకునే బట్టల్లోకి మారి, చెవులకు కమ్మలు పెట్టుకుంటుంది. అది చూసి గదిలో సగం మంది తల దించుకున్నారు. నల్లజాతి వాళ్లు, మనవాళ్లు, మెక్సికో పిల్లలు, అందరూ. 'మూన్‌లైట్' (2016) గొప్ప సినిమా. ఉత్తమ చిత్రంగా ఆస్కార్ కూడా వచ్చింది. కానీ ఇంట్లో దొరుకుతుంది, చాలామంది చూసేశారు. మీ చిన్న బడ్జెట్‌ను దాని మీద పెట్టకండి.

ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు మీ పేటలో ఉంటే, బ్లాక్ అంటే అమెరికా ఒక్కటేనా అని తప్పకుండా అడుగుతారు. కెన్యా దర్శకురాలు వనూరి కహియు తీసిన 'రఫీకి' (2018) వాళ్ల కోసం మనసులో పెట్టుకోండి. స్వదేశంలో నిషేధించారు. దర్శకురాలు కోర్టుకెళ్తే ఆ ఏడాది సెప్టెంబరులో ఏడు రోజులు మాత్రం వేసుకోవచ్చన్నారు. ఆ ఏడు రోజులూ నైరోబీలో జనం బారులు తీరారు.

లైసెన్స్ గురించి నిర్మొహమాటంగా చెబుతాను: టికెట్ పెట్టకపోయినా అనుమతి కావాలి. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. డీవీడీ కొన్నంత మాత్రాన, సొంత స్ట్రీమింగ్ ఖాతా ఉన్నంత మాత్రాన పదిమందిని పిలిచి హాల్లో వేసే హక్కు రాదు. దానికి బహిరంగ ప్రదర్శన హక్కులు కావాలి. ఇక్కడ అందరూ పీపీఆర్ అంటారు. అమెరికా చట్టంలో తరగతి గదికి ఒక మినహాయింపు ఉంది. లాభాపేక్ష లేని విద్యాసంస్థలో, పాఠంలో భాగంగా, టీచరు ఎదురుగా ఉండి చూపిస్తేనే అది వర్తిస్తుంది. విద్యార్థి సంఘం శనివారం వేసే సినిమాకు వర్తించదు.

హక్కులు ఎవరి దగ్గరున్నాయో వెతకడం కష్టమేమీ కాదు. 'స్టోర్మే' న్యూయార్క్‌లోని వుమెన్ మేక్ మూవీస్ దగ్గర దొరుకుతుంది. నల్లజాతి లెస్బియన్ కవయిత్రి ఆడ్రి లార్డ్ జీవితం మీద వచ్చిన 'ఎ లిటనీ ఫర్ సర్వైవల్' (1995) థర్డ్ వరల్డ్ న్యూస్‌రీల్ దగ్గర ఉంది. ఈ రెండు సంస్థలూ దశాబ్దాలుగా ఇదే పనిలో ఉన్నాయి, మెయిల్ పెడితే మనిషే జవాబిస్తారు. పెద్ద స్టూడియోల సినిమాలకు స్వాంక్ లాంటి లైసెన్సింగ్ కంపెనీల దగ్గరికి వెళ్లాలి, అక్కడ ఖర్చు ఎక్కువ. మీ యూనివర్సిటీకి కనోపీ అనే స్ట్రీమింగ్ సేవ ఉంటే కొన్ని సినిమాల పేజీల్లో పీపీఆర్ అనే గుర్తు కనిపిస్తుంది. అది ఉన్నవాటిని ఉచిత ప్రదర్శనకు వాడుకోవచ్చేమో మీ లైబ్రేరియన్‌ను అడగండి. లైబ్రేరియన్‌తో స్నేహం చేసుకుంటే మీ పని సగం అయిపోయినట్టే.

మాకు పొట్టి డాక్యుమెంటరీలకు నూట యాభై డాలర్ల నుంచి మూడు వందల దాకా పడింది. ఫీచర్ సినిమాలకు అంతకు రెట్టింపు కూడా అయింది. కుర్ర దర్శకులు తీసిన పొట్టి సినిమాలైతే నేరుగా వాళ్లకే రాయండి. "ఊరికే వేసుకోండి" అనేవాళ్లు చాలామంది ఉంటారు. అన్నా సరే, ఎంతో కొంత పంపండి. ఈ సినిమాలు తీసినవాళ్లకు డబ్బు ఎప్పుడూ ఆఖర్నే అందింది. ఆ వరసలో మనం నిలబడకూడదు.

హక్కుల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. బ్రిటన్ దర్శకుడు ఐజాక్ జూలియన్ తీసిన 'లుకింగ్ ఫర్ లాంగ్‌స్టన్' (1989) న్యూయార్క్ సినిమా ఉత్సవంలో వేసినప్పుడు, నల్లజాతి కవి లాంగ్‌స్టన్ హ్యూజ్ వారసత్వ హక్కుదారులు అభ్యంతరం చెప్పడంతో, ఆయన కవితలు వచ్చే చోట్ల హాల్లో సౌండ్ తగ్గించేశారు. ఒక కవి గురించిన సినిమాలో ఆ కవి మాటలే వినపడకుండా జనం చూశారు. ఇది మీ ప్రేక్షకులకు చెప్పి చూడండి, ఆ సాయంత్రమంతా ఎవరి గొంతు ఎవరి చేతిలో ఉంటుందనే దాని మీదే మాట్లాడతారు.

గది సంగతులు చిన్నవిగా కనిపిస్తాయి గానీ అక్కడే దెబ్బతింటాం. సౌండ్ ముందురోజే చూసుకోండి. ఒకసారి హెచ్‌డీఎంఐ కేబుల్ బొమ్మను పంపింది, శబ్దాన్ని హాలు స్పీకర్లకు పంపలేదు. నలభై మంది లాప్‌టాప్ స్పీకర్ వైపు మెడలు సాచి ఇరవై నిమిషాలు విన్నారు. క్యాప్షన్లు ఉన్న ఫైలే కావాలని మెయిల్‌లో ముందే రాయండి. పాత సినిమాలకు అడగకపోతే రావు. వయసు పైబడినవాళ్లు రావాలంటే శనివారం మధ్యాహ్నం రెండు గంటలకు పెట్టండి, బస్సులు ఉంటాయి.

గదిలో ఫోటోలు తీయనివ్వకండి. ఇది మాకు తగిలిన దెబ్బ వల్ల చెబుతున్నాను. రెండో ఏడాది మేం పెట్టిన ఒక ఫోటో మూలన ఒక తెలుగు కుర్రాడి మొహం పడింది. అది ఎవరి వాట్సాప్ గ్రూపు నుంచి ఎవరి గ్రూపుకు వెళ్లిందో గానీ మూడో రోజుకు గుంటూరులో వాళ్ల నాన్నగారికి చేరింది. ఆ అబ్బాయి నెల రోజులు మాతో మాట్లాడలేదు. తప్పు పూర్తిగా మాది. అప్పటినుంచి తలుపు దగ్గర బోర్డు పెడతాం, సినిమా మొదలయ్యే ముందు నోటితో కూడా చెబుతాం. మాకు ఫోటో కావాలంటే ఖాళీ కుర్చీలు, తెర తీసుకుంటాం. పేర్లు రాయించుకునే రిజిస్టరు కూడా పెట్టం.

సినిమా అయ్యాక వెంటనే మైకు తిప్పకండి. పదిహేను నిమిషాలు తిండికి వదిలేయండి. సమోసాలు పెట్టినా సరే, పేటలో నల్లజాతి వాళ్లు నడిపే హోటల్ నుంచి తెప్పిస్తే ఇంకా మంచిది. తర్వాత పిలిచిన వక్త మాట్లాడతారు. మేం ఒక్కొక్కరికి రెండు వందల డాలర్లు ఇస్తాం, అదీ ఆ రోజే కవరులో పెట్టి. ఆ తర్వాత గదిలో ఉన్న నల్లజాతి క్వీర్ మనుషులు ముందు మాట్లాడతారని, మిగతావాళ్లు ఆగాలని మొదట్లోనే చెప్పేస్తాం. ఎవరూ నొచ్చుకోలేదు.

ఇక తెలుగువాళ్లుగా మీ పాత్ర. ఒక్క జాగ్రత్త చెబుతాను. మనవాళ్లలో మంచి మనసున్నవాళ్లు కూడా చర్చ మొదలవగానే "మా దగ్గర కూడా ఇంతే" అని మొదలుపెడతారు. కులం గురించి, మన ఇళ్ల గురించి, పెళ్లి ఒత్తిడి గురించి. అవన్నీ నిజమే. కానీ ఆ సాయంత్రం దాని కోసం కాదు. నేనూ అలా రెండుసార్లు మాట్లాడి, తర్వాత పెద్దావిడ పక్కకు పిలిచి చెబితే సిగ్గుపడ్డాను. మన మాట మాట్లాడుకోవడానికి వేరే రోజు పెట్టుకోండి. దానికి సరిపోయే జంట ఒకటుంది. నైరోబీలో భారతీయ కుటుంబంలో పుట్టి బ్రిటన్‌లో పెరిగిన ప్రతిభా పర్మార్ 1991లోనే రెండు సినిమాలు తీశారు. 'ఎ ప్లేస్ ఆఫ్ రేజ్'లో నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్, రచయిత్రులు జూన్ జోర్డన్, ఆలిస్ వాకర్ మాట్లాడతారు. 'ఖుష్'లో దక్షిణాసియా గే, లెస్బియన్ మనుషులు మాట్లాడతారు. రెండూ ఒకే సాయంత్రం పడతాయి. మా నాలుగో ఏడాది అలా వేసినప్పుడు, అంతకుముందు ఏడాదంతా కుర్చీలు సర్దడానికే వచ్చిన ఇద్దరు తెలుగు పిల్లలు మొదటిసారి నోరు విప్పారు.

ఇప్పుడు వెంటనే చేయాల్సింది. మీ ఊళ్లో 2012 నుంచి బ్లాక్‌స్టార్ సినిమా ఉత్సవం జరుగుతోంది. ముందు అక్కడికి ప్రేక్షకులుగా వెళ్లండి, వాలంటీరుగా పేరివ్వండి. మీతో కలిసి పనిచేసే మనుషులు అక్కడే దొరకొచ్చు. దొరికాక, ప్రదర్శనకు ఆరు వారాల ముందు పంపిణీ సంస్థకు మెయిల్ పెట్టండి. అందులో సినిమా పేరు, తేదీ, చోటు, ఎన్ని సీట్లు, టికెట్ ఉందా లేదా, మీది లాభాపేక్ష లేని బృందమా, ఎవరు మాట్లాడతారు, క్యాప్షన్లున్న ఫైలు కావాలి అని ఎనిమిది వాక్యాల్లో రాస్తే చాలు. మెయిల్ రాశాక పంపే ముందు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. వేసవిలో మాకు ప్రదర్శనలుండవు కాబట్టి తీరిగ్గానే ఉంటాను.